ఒక పాయింటు తక్కువ

బంగారం తవ్వి తవ్వి ఒట్టిపోయిన ఊరు బల్లరాట్.
లిడియార్డ్ వీధిలో మా ఆఫీసు కింద ఇప్పుడు దొరికేవి
వీలునామాలు, సరిహద్దు కంచెలు,
విడిపోయిన జంటల కుక్కలు.

మార్చి ముప్పై ఒకటి.
రాత్రి పన్నెండుకి వకీళ్ళ సంవత్సరం తీరిపోతుంది.
ఏడాదికి పది పాయింట్లు, గంటకొకటి.
పదిలో ఒకటి నీతికి.
మాల్కమ్ ట్రెథెవీకి తొమ్మిదున్నాయి.
నీతే తక్కువ పడింది.

డెబ్భై ఒకటేళ్ళ మనిషి, నలభై ఆరేళ్ళ పట్టా.
దాని అద్దం వెనక ఎప్పుడో చచ్చిన సాలీడు
సీలు పక్కన ఇంకో సీలులా అతుక్కుని ఉంది.
"చదవేస్తే ఉన్న మతి పోయిందని మావాళ్ళంటారు" అన్నాను.
"రాసివ్వు హైమా, బోర్డుకి పంపిద్దాం" అన్నాడు.

నా లెక్క వేరు.
ఇంకో పదకొండు రోజులు ఈయన కింద పనిచేస్తే
నా రెండేళ్ళ పర్యవేక్షణ ముగుస్తుంది,
ఈయన సంతకం పడుతుంది,
ఒంటరిగా తప్పులు చేయడానికి నేను అర్హురాలినవుతాను.
అందాకా నాకు ఆయన కాపలా,
ఆయన పాయింట్ల పుస్తకానికి నేను.

పదీ యాభైకి వీడియో పెట్టాం.
తెర మీద నీలం టై ఆయన
కక్షిదారు డబ్బు కక్షిదారుదేనని
మూడు విధాలుగా చెబుతున్నాడు.
ఇరవై నిమిషాలకోసారి ఉపన్యాసం ఆగి అడుగుతుంది:
మీరు ఇంకా ఇక్కడే ఉన్నారా?
మొదటిసారి ఆయనే నొక్కాడు,
తలుపు తట్టినవాడికి లోపల్నించి కేకేసినట్టు
"ఉన్నానయ్యా, ఉన్నాను" అంటూ.
రెండోసారి అడిగేసరికి నిద్రపోయాడు.
నోరు కొంచెం తెరిచి, చెయ్యి గ్రిగ్ ఫైలు మీద పెట్టి.

పొద్దున్న పౌలీన్ గ్రిగ్ వచ్చింది,
అమ్మ పియానో కోసం చెల్లెలి మీద దావా వేస్తానని.
రెండున్నర గంటలు విన్నాడు. టీ ఇచ్చాడు. బిల్లు రాయలేదు.
"ఆ పియానో మీ ఇద్దరిలో ఎవరికి వాయించడం వచ్చు?"
ఆవిడ కోటు చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడి,
రేపు చెబుతానని వెళ్ళింది.
దానికెన్ని పాయింట్లో పట్టికలో వెతికాను.
ఆ గడి లేదు.

అలాగని పట్టికని తిట్టలేను.
ఒంగోలులో మా మేనత్త కేసుని
రద్దయి ఆరేళ్ళయిన చట్టం పట్టుకుని
గంభీరంగా వాదించి ఓడగొట్టాడు ఒక ప్లీడరు.
ఆయనా మంచివాడే.
ఆయనా టీ ఇచ్చేవాడు.

వేలు మౌస్ మీద ఉంది.
వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నవాళ్ళ పిల్లని,
ఒక్క అబద్ధానికి ఒక లైసెన్సంటే చవకే.
ప్రశ్న తెర మీద అలాగే ఉంది.
ఇక్కడే ఉన్నారా? ఇక్కడే ఉన్నారా?
ఉన్నాను నేను. అడిగింది నన్ను కాదు.

లేపొచ్చు.
ఎందుకు లేపలేదో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.
తెర బూడిదరంగుకి తిరిగింది,
నీలం టై ఆయన సగం మాట దగ్గర నోరు తెరుచుకుని ఆగిపోయాడు,
ఇద్దరూ ఒకేలా ఉన్నారు.

పన్నెండూ పదికి మెలకువొచ్చింది.
"ఏప్రిల్ వచ్చిందా?"
"వచ్చింది."
"నొక్కావా?"
"లేదు."
కాసేపు నా వైపే చూశాడు.
కోపమో కాదో తెలీలేదు.
పదకొండు రోజులూ ఒకేసారి గుర్తొచ్చాయి.

కాగితం లాక్కుని బోర్డుకి రాయడం మొదలెట్టాడు.
తొమ్మిది పూర్తయ్యాయి. ఒకటి బాకీ.
'వయసు రీత్యా' అని రాసి కొట్టేశాడు.
'పని ఒత్తిడి వల్ల' అని రాసి అదీ కొట్టేశాడు.
నిద్రపోయాను, అని రాశాడు.

కాగితం నా ముందుకి తోసి,
"ఈ కామా ఇక్కడ ఉండాలా?" అన్నాడు.
చదివాను. అక్కర్లేదన్నాను.
"ఎందుకని?"
హీటరు ఎప్పుడో ఆరిపోయింది.
కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.