నూట పన్నెండు

కత్తిరి ఎండల్లో,
పెరంబూరు రోడ్డు మీద తారు చెప్పుకి అంటుకునే రోజుల్లో
మా ఆయన నన్ను చూసి
"ఎవరు నువ్వు?" అన్నాడు.

సరసమనుకున్నాను.
ఇరవై రెండేళ్ల కాపురానికి ఇప్పుడు సరసమేమిటని
నవ్వాను కూడా.

"పద్మాసని చీర కట్టుకున్నావు,
గొంతు కూడా అరువు తెచ్చుకున్నావు.
ఆమెనెక్కడ దాచావు?"

నిప్పురవ్వల ముందు వణకని వెల్డరు చేతులు
గోడ మీద లేని చీమల్ని దులుపుతున్నాయి.

బీపీకి కొత్త మాత్ర.
ఉప్పు తగ్గించమన్నారని
పప్పులో చిటికెడు కూడా పడనివ్వలేదు నేను.
షెడ్డులో పొద్దంతా చెమట,
ఇంటికొస్తే బిందెడు వట్టి నీళ్లు.
తాగినకొద్దీ దాహం.
తాగినకొద్దీ అనుమానం.

మూడో రాత్రి
మరిది గొంతు తగ్గించి "కీల్పాక్" అన్నాడు.
ఈ ఊళ్లో అది ఒక పేట పేరు మాత్రమే కాదు.
పక్కవాటా సెంబగవల్లి
పిడికెడు కల్లుప్పు, ఎండుమిరపకాయలు
ఆయన తల చుట్టూ మూడుసార్లు తిప్పి
బకెట్టు నీళ్లలో వేసింది.
"చూడు, దిష్టి ఎలా కరిగిపోతోందో!"

సర్కారు ఆస్పత్రిలో
నిద్ర కళ్ల చిన్న డాక్టరమ్మ
ముందు సూది గుచ్చింది, తర్వాతే మాట్లాడింది.
కాగితం నావైపు తిప్పింది.
నూట పన్నెండు.
"నూట ముప్పై అయిదన్నా ఉండాలమ్మా.
పిచ్చి కాదిది. ఒంట్లో ఉప్పు పడిపోయింది."

లోపల ఉండాల్సినదాన్ని
తల చుట్టూ తిప్పి పారబోశాం.

సీసా కట్టారు. చుక్క. మళ్లీ ఎప్పటికో చుక్క.
"ఇంకాస్త తొందరగా ఎక్కించరా?"
"తొందరపడితే మెదడుకే ముప్పు."
ఆ రాత్రంతా చుక్కలు లెక్కపెట్టాను,
మధ్యలో లెక్క తప్పి, మళ్లీ ఒకటి నుంచి.

రెండోనాడు తెల్లవారుజామున
"పద్మా, నా కళ్లద్దాలేవీ?" అన్నాడు,
ఏమీ జరగనట్టు, కాస్త విసుగ్గా.
ఆ విసుగుకి దణ్ణం పెట్టుకున్నాను.

మాత్ర మార్చారు. మళ్లీ డ్యూటీకి వెళుతున్నాడు.
"ఆ మూడు రోజులూ ఏమైనా అన్నానా?"
"నీళ్లడిగావు" అన్నాను.

అన్నది ఇంకోటుంది.
మూడో రాత్రి, తడిగుడ్డతో నుదురు తుడుస్తుంటే
నా మణికట్టు పట్టుకుని,
"నువ్వు ఆమెవి కాదు.
ఆమె నన్నింత ప్రేమగా ఎప్పుడూ చూడలేదు."

అది ఉప్పు లేక వచ్చిన మాటా,
ఉప్పున్నన్నాళ్లూ దాచుకున్న మాటా?
డాక్టరమ్మని అడగలేకపోయాను.

ఇప్పుడు వడ్డించేటప్పుడు
ఒక్క క్షణం ఆగి ఆయన వైపు చూస్తాను,
చాలిందో లేదో తెలియక
ఇంకొంచెం చూస్తాను.