ముప్పైతొమ్మిదో రాత్రి

బంగారుపాళెం దాటినాక, మామిడితోటల వెనక
చెంగల్రాయులు షెడ్డు.
రాత్రి పదకొండుకి లారీ వస్తుంది.
మేము ఆరుమందిమి, తలకి తువ్వాళ్ళు, ముక్కుకి గుడ్డ.
లైట్లన్నీ ఆర్పి ఒక్క నీలం బల్బు మిగిలిస్తారు.
నీలంలో కోడికి కన్ను ఆనదంట.
బెదరదు, పట్టేదానికి సులువు.

ఒక్కో చేతికి నాలుగు, కాళ్ళు పట్టి తలకిందులుగా.
రెండు కేజీల పైమాటే ఒక్కోటి.
తొడ చూస్తే పెద్దకోడి,
రొమ్ము చూస్తే పెద్దకోడి.
కాళ్ళే పాపం ఆ బరువుని నమ్మలేదు.
లేచి రెండడుగులేసి
ఊకలో కూలబడతాయి.

ఎనిమిదేండ్లుగా ఇదే పని.
మొన్న ఒక రాత్రి కరెంటు పోయింది.
జనరేటర్లో డీజిల్ లేదు.
చెంగల్రాయులు తనని తానే తిట్టుకుంటా రోడ్డుకి పోయినాడు.
మేము ఎక్కడోళ్ళం అక్కడే నిలబడిపోతిమి,
చేతుల్లో కోళ్ళతో.

కంటికి ఏమీ లేనప్పుడు
చెవికి వినబడింది.
కియ్.
కియ్, కియ్.

మా అవ్వ దేశమ్మ పొదగేసిన పెట్ట
రెక్క సందులోంచి తొంగిచూసి అరిచేది చూడు,
ఆ అరుపు.
నాలుగువేల గొంతులు
ఎవరినో పిలస్తా ఉండాయి.
పొదిగింది పలమనేరు దగ్గర ఇనప పెట్టె.
ఇనప పెట్టె తిరిగి పలకదు.

నేను మాంసం ముట్టనోణ్ణి కాదు, ముందే చెప్తా.
గంగజాతరకి పుంజుని కోసినోణ్ణి.
రాగిసంగటి నడాన గుంత చేసి
నాటుకోడి పులుసు పోయించుకోని
వేళ్ళు నాకినోణ్ణి.
ఆ పుంజుకి పేరుండేది, కాకిగాడు.
రెండేండ్లు మా మిద్దె మీద కూసినాడు.
దిబ్బంతా కెలికినాడు,
పక్కింటి మునస్వామి మడమ పొడిచి
అవ్వచేత తిట్లు తిన్నాడు.
కోసేముందు అవ్వ పసుపునీళ్ళు చల్లి
వాడు తల విదిలించేదాకా ఆగింది.
విదిలిస్తే ఒప్పుకున్నట్టు.

ఒప్పుకోవడమేంది, నీళ్ళు పడితే ఎవురైనా విదిలిస్తారు.
అవ్వకీ తెలిసే ఉంటుంది.
అయినా ఆగింది.
కత్తి పట్టినోడు ఆ కాసేపు
గాలిలో చెయ్యి పెట్టుకోని నిలబడాల్సి వచ్చింది.

ఇంకో మాట కూడా అనేది అవ్వ,
"తల్లి ఎంట తిరిగేదాన్ని ముట్టుకోబాకండ్రా."

ఆ మాటకి సందు కనిపెట్టినారు ఎవురో.
పిల్లకి పెద్దకోడి ఒళ్ళు తొడిగినారు.
అంగట్లో వయసు అడిగేవాళ్ళు లేరు.
కేజీ ఎంత అంటారు,
స్కిన్నా, స్కిన్‌లెస్సా అంటారు.
తల్లి లేనిదాన్ని తల్లి ఎంట తిరిగేది అని ఎట్ల అంటాం?

గంటకి కరెంటొచ్చింది.
నీలం వెలిగింది.
మళ్ళీ పెద్దకోళ్ళయిపోయినాయి.
పట్టినాం. క్రేట్లలో కుక్కినాం.
నేనేం పని మానలేదు.
తెల్లారి కూలితో బాటు
కాలు విరిగినవి రెండు ఇచ్చినారు, ఎప్పట్లాగే.

ఇంట్లో రెడ్డెమ్మకి చెప్పినా ఆ అరుపు సంగతి.
ఉల్లిగడ్డ తరగతా వినింది.
"మా నాయన ఏడాదికి రెండు తూర్లు తిన్నాడు కూర,
జాతరకొకటి, ఎవురన్నా పిలిస్తే ఒకటి.
నా బిడ్డ వారం వారం తింటా ఉండాది.
చౌక గాబట్టే తింటా ఉండాది.
దాన్ని కూడా తప్పు చేసేస్తే ఎట్లప్పా?"

నా దగ్గర జవాబు లేదు.
ఇప్పటికీ లేదు.
చౌక అంటే ఆ ధర వేరే ఎవురో కట్టినారని
నోటిదాకా వచ్చింది గానీ,
నా బిడ్డ పళ్ళెం ముందర కూచోని ఉండాది.

రెడ్డెమ్మ నాకూ ఒక ముక్క వడ్డించింది.
మెత్తన. ఎముక కూడా పంటి కింద
గట్టిపడనిదాని మాదిరి నలిగింది.
"ఇంకోటి ఎయ్యనా?" అనింది గరిటె పైకెత్తి.

నెత్తిన నీళ్ళు పడినట్టు
తల విదిలించినా.
ఒప్పుకున్నానో, వద్దన్నానో
నాకే తెలీలేదు.
రెడ్డెమ్మ మటుకు
గరిటె అట్లే పట్టుకోని
కాసేపు ఆగింది.