ఇతరములు

పొద్దున్న ఏడింటికే నావ అంచు
చెయ్యి పెట్టనివ్వడం లేదు.
రోహిణికి ఇంకా నెల ఉంది,
రోళ్ళు అప్పుడే పగిలాయి.
గెడ వేస్తూ అడిగాడు ధనరాజు:
"ఇవాళ ఎవరిదండి, డాక్టరమ్మా?"
నూకరత్నం గేదె, అన్నాను.
తర్వాత ఏరు దాటేదాకా
గెడ చప్పుడొక్కటే.

రేకుల పాక వెనక పడుంది, కాళ్ళు చాపుకుని,
మూతి చుట్టూ ఎండిన నురగ.
మూడో ఈత. పూటకి నాలుగు లీటర్లు.
రాత్రంతా కుక్కలా రొప్పిందట.
"కాలవ కట్టేశారు కదండి,
ఏటి నీళ్ళే కుడితిలో కలిపాను.
ఒక్క గుక్క తాగి
నా మొహంకేసి చూసింది."

తొట్టిలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను.
సముద్రం.
పద్దెనిమిది కిలోమీటర్ల అవతల ఉండాల్సింది,
వైనతేయ వెంట ఎదురు నడిచొచ్చి
కుడితి తొట్టిలో కూచుంది.

కాలేజీలో చెప్పారు:
గేదెది నల్ల తోలు, చెమట గ్రంథులు తక్కువ,
ఎండ నుంచి దానికున్న దారి నీళ్ళొక్కటే.
ఆ నీళ్ళేమవుతాయో
పాఠంలో లేదు.
మడుగు రొయ్యల చెరువైంది,
చుట్టూ వల, కాపలా, కరెంటు తీగ.
మిగిలిన గుంటలో పదమూడు గేదెలు
రేషన్ షాపు దగ్గరిలా
వంతు కోసం నిలబడ్డాయి.

బీమా కాగితం తీశాను.
మరణ కారణం:
రోగం, పాముకాటు, పిడుగు, వరద, ఇతరములు.
పోయినేడు ఇలాగే ఒకదానికి 'ఎండ' అని రాస్తే
'అది కారణం కాదు, వాతావరణం' అని
ఎర్ర సిరాతో తిరిగొచ్చింది.

ఈ ఉద్యోగంలో చేరినప్పుడు
నా పని నాకు తెలుసు.
తొలకరికి ముందు గొంతువాపు టీకా,
ఐసు కరగకముందే ఏరు దాటడం.
ఇప్పుడు తొలకరెప్పుడో
ఎవరిని అడగాలి?
ఆగస్టు వరదలో మూడు రాత్రులు ఏటిగట్టు మీదే పడుకున్నాను,
టార్పాలిన్ కింద ఒక దూడని బయటికి లాగాను,
సెల్‌ఫోన్ వెలుగులో.
తెల్లారేసరికి దాని తల్లి మేసే పొలం
నది అడుగున ఉంది.

అమలాపురం మీటింగులో ఒకాయన చెప్పాడు,
పశువుల త్రేన్పులు భూమిని వేడెక్కిస్తున్నాయని.
అబద్ధం కాదు. లెక్క నాకూ వచ్చు.
నూకరత్నానికి చెబితే
కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది:
"నా గేదె త్రేన్చేంత మేతెక్కడుందండి బాబూ?"

ఆ నవ్వు తర్వాత
సంచిలో సిరంజీల పక్కన విత్తనాలు చేరాయి.
ఉత్త ఎండుగడ్డి తింటే త్రేన్పు ఎక్కువ, పాలు తక్కువ.
వరి కోతకి ముందు, మడిలో తడి ఆరకముందే
పిల్లిపెసర చల్లమన్నాను.
"మా అత్త చల్లేది," అంది.
"గెడ్డి కొనుక్కోవచ్చు కదాని మానేశాం."
అంటే నేను కొత్తగా చెప్పిందేమీ లేదు,
ఒక ముసలమ్మ మాట
పడవెక్కించి తిరిగి తెచ్చాను, అంతే.
రేకు మీద కొబ్బరాకు కప్పమన్నాను,
మధ్యాహ్నం తడి గోనె.
రెండు పాకలవాళ్ళు కప్పారు.
నూకరత్నం పైవారం కప్పుదామనుకుంది.

పోగుతో సహా చెవి కోసి సంచిలో వేసుకోవాలి,
సాక్ష్యం అదే.
కోశాను.
ఆమె అటు తిరిగి నిలబడింది.

అప్పుడు 'ఇతరములు' పక్కన
అంగుళం ఖాళీలో మొదలుపెట్టాను:
పాకలో వేడి నలభై నాలుగు,
తొట్టిలో ఉప్పు,
మడుగు లేదు,
రాత్రి కూడా చల్లబడలేదు.
గీత దాటింది, అంచు దాటింది,
కాగితం తిప్పి వెనక రాశాను.
ఎర్ర సిరా వాళ్ళకి
ఈసారి కాస్త పని ఉంటుంది.

లేచేసరికి దూడ దగ్గరికొచ్చింది.
గడియారం చూసి ఊపిరి లెక్కపెట్టాను,
నిమిషానికి డెబ్భై ఆరు.
నీడలోకి లాక్కెళ్ళి, నా సీసాలో నీళ్ళు పట్టించి,
వీపు మీద తడి గోనె పరిచాను.
నా అరచేతి చెమట నాకింది.
నాకనిచ్చాను.
ఈ ఉప్పు పర్లేదు.