ఎనిమిది కొక్కేలు

వ్యాసర్పాడిలో, సంఘం ఆఫీసు వెనక
చీపుళ్ళు పెట్టుకునే గదిలో
ఏదో బ్యాంకు వదిలించుకున్న సర్వరు.
దాని లోపల విండోస్. దాని పైన దుమ్ము.
దుమ్ము మీద ఎవరిదో టిఫిన్ క్యారియరు.

మధ్యాహ్నం నుంచీ దాని ముందే కూర్చున్నాను.
డేటాబేస్ ఎక్కింది. పీహెచ్‌పీ ఎక్కింది,
వెర్షను కుదరక దిగింది, మళ్ళీ ఎక్కింది.
ఐదో మెట్టు దగ్గర తెల్లటి తెర మీద ఒకటే మాట:
ఈ ఫోల్డరును చదవచ్చు, రాయడానికి అనుమతి లేదు.

"ఏమంటుందది?" అంది పెంచలమ్మ
కిటికీ ఊచల మీద గ్లౌజులు ఆరేస్తూ.
చెప్పాను.
"చదవడమన్నా వచ్చు దానికి," అంది.
"మా పిల్లలు రాసేది అరవంలోనే.
తెలుగు నోట్లో పుట్టి నోట్లోనే పోతుంది మాకు."

కుడి బటన్, ప్రాపర్టీస్, సెక్యూరిటీ,
పేర్ల జాబితా తెరుచుకుంది.
అందులో ఎవ్రీవన్ అని ఒక పేరు.
"అంటే?"
"అందరూ."
"మేమున్నామా అందులో?"
ఉన్నారనాలో లేరనాలో తెలియక
ఆ పేరుకు మాత్రం ఎప్పుడూ పూర్తి హక్కులు ఇవ్వకూడదని
నేర్చుకున్న పాఠం అప్పజెప్పాను.
తలూపింది, కొత్త సంగతేం కాదన్నట్టు.

వెబ్ సర్వరు లోపల ఒక అనామకుడుంటాడు.
పాస్‌వర్డు లేదు, మొహం లేదు,
వచ్చినవాళ్ళందరికీ తలుపు తీసేది వాడే.
వాడికిచ్చాను, ఒక్క ఫోల్డరులో, రాసే హక్కు.

దీపాలు పెట్టే వేళకి సైటు లేచింది.
హలో వరల్డ్ అని దానంతటది రాసుకున్న తొలి పోస్టు చెరిపేసి
"ముందు నీ పేరు కొడతా" అన్నాను.
కొట్టాను. సేవ్ అన్నాను.

????????

దగ్గరికొచ్చి వేలు పెట్టి లెక్కేసింది.
"ఎనిమిది కొక్కేలు."
నిజమే, సరిగ్గా ఆ వంపే,
డ్రైనేజీ మూత లేపడానికి
పోలయ్య భుజాన వేసుకెళ్ళేదానికి.
"నాలుగేళ్ళ కింద, ఆ రోజు, కొక్కెం పైనే ఉంది నాయనా.
మనిషే లోపల."

యూపీఎస్ కీచుమంటోంది. నేనేం అనలేదు.
తప్పు అక్షరాల పట్టికది,
పరాయి లిపికి తప్ప చోటులేని పెట్టె.
యూటీఎఫ్ ఎనిమిదికి మార్చాను
టేబులు తర్వాత టేబులు, పన్నెండూ.
కొక్కేలుగా మారిన పేరు మాత్రం వెనక్కి రాదు.
మళ్ళీ కొట్టాలి.

పెంచలమ్మ.

చదవలేదు, చూస్తూ నిలబడింది.
"చివర్న, కింద, ఆ బుడ్డది?"
"వత్తు."
"పైదాన్ని పడకుండా పట్టుకోనుందే!"

తర్వాత ఆయన పేరు కొట్టమంది.
కొడుతుంటే నా భుజం తట్టి అంది,
"ఆయన పక్కన ఒక్క కొక్కెం ఉంచు."

పోలయ్య?

సర్వరు గడియారం సరిచెయ్యడం మరిచిపోయాను.
పేరు కింద తేదీ
ఆరేళ్ళ వెనకది పడింది.
ఇంకా దిద్దలేదు.