ఖాళీగా వదిలిన ఒకటి

హ్యాండ్స్‌వర్త్‌లో, సైకిల్ షాపు మీది గదిలో
చలికాలమంతా మేం పోట్లాడుకున్నది ఒక్క అంకె గురించి.

ఫంక్‌లో ఒకటే దొర, అనేవాడు లిబర్డ్.
నీవిస్ దీవి వాడు. డ్రమ్స్ ముందు కూర్చుంటే
పడవ తాడు లాగుతున్నట్టు ఉండేవి భుజాలు.
ఒకటి మీద కొట్టు, గట్టిగా. తక్కిన మూడూ నౌకర్లు.

జాబెజ్ జడలు కట్టిన జుట్టు వెనక్కి తోసి
బేస్ తీగ మీద బొటనవేలు ఆనించి,
దొరల సంగతి మా తాత చెరుకుతోటలో చూశాడులే, అనేవాడు.
ఒకటిని వదిలెయ్.
కొండ మీద పెద్దలు మూడు డప్పులతో తెల్లవార్లూ
జా పేరు పిలిచేది ఆ ఖాళీలోకే.

నేను ఆర్గన్ ముందు చేతులు చంకల్లో దూర్చుకుని
కిరోసిన్ హీటర్‌కి కాపలా.
గోడల నిండా గుడ్ల అట్టలు అంటించాం.
అయినా పదకొండో నంబరు బస్సు ప్రతి పాటలోనూ ఉంది.

ఒక శనివారం లిబర్డ్ ఫౌండ్రీ నుంచి
కాలిన చేతికి కట్టుతో వచ్చాడు.
టేపు తిరుగుతోంది. చెయ్యి లేవలేదు.
ఒకటి పడలేదు.
మెట్టుందనుకుని లేనిచోట కాలు పెట్టినట్టు
ముగ్గురం ముందుకు తూలాం.
మరుసటి చుట్టులో, పళ్ళు బిగించి, కొట్టాడు.
ఒకసారి దొర, ఒకసారి ఊపిరి.
ఎవరూ ఏమీ అనలేదు.
హీటర్ ఎప్పుడు ఆరిందో తెలియదు.

మూడు వందల రికార్డులు.
అట్టల మీద ఎరుపు వచ్చింది, బంగారు రంగు వచ్చింది,
ఆకుపచ్చ సిరా అయిపోయిందన్నాడు ప్రింటరు.
మా చెల్లి, నేను, వాళ్ళ పిల్లలు
స్కెచ్ పెన్నులతో మూడు రాత్రులు రుద్దాం.
కొన్ని సింహాల తోకలు గీత దాటి పోయాయి.

మొదటి కాపీ జాబెజ్ వాళ్ళమ్మకు నేనే తీసుకెళ్ళాను.
కొడుకు జుట్టు అల్లుకున్న నాటి నుంచీ సిస్టర్ ఐసిల్డా
వాడికి కంచం పెడుతోంది గానీ, మాట పెట్టడం లేదు.
ఆదివారం చర్చికి తెల్ల గౌను ఇస్త్రీ చేస్తోంది.
ముల్లు నేనే దించాను.

ఆమె తల ఎత్తలేదు.
కాలరు, చేతులు, నడుము మడతలు.
రెండో పాటలో, ఒకటి లేనిచోట
ఇస్త్రీపెట్టె బల్ల మీద
టక్కున పడింది.
మళ్ళీ ఆ చోటే. మళ్ళీ.

పక్క అయిపోయాక అంది:
బేస్ మరీ ఎక్కువైంది, చెప్పు వాడికి.
రెండో పక్క వెయ్యి.