రంభలో బోర్డు గీకిన రోజు

బోర్డు టేకుది. ఇద్దరు పట్టినా ఒగర్చాలి.
"గీకేయ్ గున్నయ్యా, మొత్తం గీకేయ్" అన్నాడు సాహు బాబు,
"కార్తీకానికి పక్షులొస్తాయి,
పక్షుల వెనకే కలకత్తా వాళ్లొస్తారు."

చిల్కా ఒడ్డున ఈ హోటలు
మొదట ఏ దొరో ఉప్పు లెక్కలు చూసుకోడానికి కట్టుకున్న ఇల్లట,
తర్వాత ఒక జమీందారు వేసవి మేడ,
తర్వాత సర్కారు బంగళా,
ఇప్పుడు గది మూడు వేలు, పొద్దుటి టిఫిను అందులోనే.
ఎవరి చేతిలో ఉన్నా
వరండాలో నాలుగో స్తంభం సున్నం రాలుస్తూనే ఉంది.
దానికి ఆనుకున్న ప్రతి వీపూ
తెల్లగా లోపలికి వెళ్తుంది.

ముందు నా రాతే ఊడింది. ఆరేళ్ల కిందటిది.
కాళిజాయి, పడవ మీద. నిర్మలఝర, జీపు మీద.
బరంపురం పట్టుచీరలు, అప్పడాలు.
డాల్ఫిన్లు, అదృష్టముంటే.
ఆ చివరి మాట నా సొంతం.
అందుకు కూలిలో యాభై కోశారు.

దాని కింద నీలం.
మా మేస్త్రి కామేసు చెయ్యి, చూడగానే తెలిసింది:
ఆయన 'ళ'కి రొయ్య మీసం ఉంటుంది.
కాసేపు బద్ద ఆడలేదు.
తర్వాత గీకాను.
పాత రంగు మీద కొత్త రంగు నిలవదురా అని
నేర్పింది ఆయనే.

నీలం కింద ఆకుపచ్చ, దాని కింద
గట్టిపడ్డ తారులాంటి నలుపు మీద అంతా ఇంగ్లీషు.
ఇంగ్లీషు అక్షరాలు నాకు గియ్యడం వచ్చు, చదవడం రాదు.
కౌంటర్లో ఉండే లిప్సాని పిలిచాను.
ఆ పిల్ల ఒడియాలో చెప్పింది, నేను తెలుగులో విన్నాను:

బాతుల వేట. తుపాకీ అద్దెకు దొరుకును.
కొట్టిన పక్షులను వంటశాలలో అప్పగించవలెను.

"ఇవే పక్షులా?" అంది లిప్సా నీళ్ల వైపు చూసి.
ఇవే. వాటి మునిమనవలు.
బోర్డు మారిందని వాటికెవరూ చెప్పలేదు,
అప్పుడూ వచ్చేవి, ఇప్పుడూ వస్తున్నాయి.

ఇంకో వరస ఉంది, చెద తిన్న మూలన.
లిప్సా వేలితో తుడిచి తుడిచి చదివింది:
జాలరి పేట. అర మైలు.
వలలు ఆరబెట్టు దృశ్యము
సాయంకాలము మిక్కిలి రమణీయము.

మా పేటే.
మా తాత తాత గోచీ మీద కూచుని
చిరిగిన వల అల్లుకుంటూ
రమణీయంగా ఉన్నాడన్నమాట.
ఆ సాయంకాలం ఇంట్లో గంజి కాగిందో లేదో
బోర్డులో లేదు.

వంటింటి వెనక పీతలు తూస్తున్న ఎర్రమ్మకి చెప్పాను.
కాళ్లు కట్టిన పీతని బుట్టలోకి విసిరి అడిగింది:
"అయితే మనల్ని చూసిన టికెట్టు డబ్బులు
ఇన్నాళ్లూ ఎవడు తిన్నాడ్రా?"
నవ్వింది, నవ్వి దగ్గింది.
దండాసి గరిట వదలకుండానే వచ్చి నవ్వాడు.
తర్వాత ఆవిడే లెక్క కట్టింది:
"అర మైలెక్కడిది? స్విమ్మింగుపూలు గోడ లేచాక
రైలు గేటు దాకా పోయి తిరిగి రావాలి.
నెత్తి మీద పదిహేను కేజీలు.
మూడు కిలోమీటర్లని రాయి."

సాహు బాబు కొత్త జాబితా ఫోన్లో చూపించాడు.
కయాకింగు. సన్‌సెట్ పాయింటు. పడవలో పుట్టినరోజులు.
ఒడియాలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి,
తెలుగు, చోటు మిగిలితే.
"ఇచ్ఛాపురం దాటి బస్సులొస్తాయి బాబూ" అన్నాను.
"మిగిలితే అన్నాను కదా" అన్నాడు.

సాయంత్రానికి చెక్క బయటపడింది.
తెల్ల ప్రైమరు రెండు పూతలేసి
వరండాలో నిలబెట్టాను.
సరస్సు గాలికి ఆరడానికి రెండ్రోజులు.
దీపాలు వెలగ్గానే నీటిపురుగులొచ్చి
తడి తెలుపుకి అతుక్కున్నాయి, వరసలు వరసలుగా.

అనుకున్నదానికంటే ముందే మొదటి కారు వచ్చేసింది.
మంకీ టోపీ పెద్దాయన ఒకడు దిగి
సామాను సంగతి కొడుక్కి వదిలి
తిన్నగా బోర్డు దగ్గరకొచ్చాడు.
కళ్లద్దాలు తీసి, శాలువాతో తుడిచి, పెట్టుకుని
పై నుంచి కిందికి చదవడం మొదలెట్టాడు.
మూల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాడు.
తర్వాత అలిసిపోయినట్టు వెనక్కి జరిగి
స్తంభానికి ఆనుకోబోతుంటే
"అది వద్దు బాబూ, ఆ నాలుగోది వద్దు" అని అరిచాను,
తెలుగులోనే.