ఆగిన కాడి నుంచి

నాకు రాజు, రెండు గుర్రాలు.
నూకరాజుకి రాజు, ఒక నల్ల బంటు.
కంచరపాలెం రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో
పోర్టులో మూడో నంబరు హెచ్చరిక ఎగరేసిన రాత్రి
కరెంటు పోయి, కిటికీ రెక్క కొట్టుకుంటుంటే
చేతులు కలిపి లేచిపోయాం.
డ్రా.
రెండు గుర్రాలతో ఆటకట్టదని
ఎవరో చెప్పారు, నమ్మాను.

ముప్పై ఒక్క ఏళ్లు.

నిన్న అక్కయ్యపాలెంలో
మేనకోడలి లాప్‌టాప్ మీద
ఆ ఐదింటినీ గుర్తున్న గళ్లలోనే పేర్చాను.
అది ఒక్క క్షణం ఆలోచించలేదు.
ఆలోచించడం దాని పని కాదట.
ముగింపుల పట్టిక, ఎప్పుడో అంతా రాసి పెట్టేసుకుంది.
తెలుపు గెలుస్తుంది, నలభై ఆరు ఎత్తుల్లో.

ముందు ఆటకట్టిన బల్లలన్నీ పోగేస్తారట,
రాజుకి ఊపిరాడని ప్రతి మూలనీ.
అక్కణ్ణుంచి ఒక్కో ఎత్తూ వెనక్కి,
దీనికి ముందేముంది, దానికి ముందేముంది అంటూ
వేసిన అడుగుల్లోనే అడుగులేసుకుంటూ.

ఇది నేను విన్నదే.
ఫిషింగ్ హార్బర్ జెట్టీ మీద బోటింజను విప్పి
నూకరాజు కుర్రాళ్లకి చెప్పే మాట:
"ఆగింది సూడు ముందు. ఆగిన కాడి నుంచి ఎనక్కి రా."

ఇంకో సంగతి నన్ను నిద్రపోనివ్వలేదు.
ఆ బంటు లేకపోతే నాకు గెలుపే లేదు.
ఒంటరి రాజుకి కదిలే గడి లేకుంటే అది ఓటమి కాదు, డ్రా.
కదలగలిగే బంటొకటి మిగలడమే
అతని కొంప ముంచేది.
నేనేమో దాన్ని తినడానికే
ఇరవై ఎత్తులు పరిగెత్తాను.

పొద్దున్నే వెళ్లాను.
వంజరం వేలం అరుపుల మధ్య చెప్పాను,
ఆ రాత్రి ఆట నాది అని.
చేతి డీజిలు పాత లుంగీ ముక్కకి తుడుచుకుంటూ
"ఎన్నెత్తులేటి?" అన్నాడు.
నలభై ఆరు.
"మన కొవ్వొత్తి ఎన్నెత్తులుందో సూసిందేటి నీ మిషను?"

చూడలేదు.
ప్రతి ఎత్తుకీ కిటికీ వైపు తిరిగిన అతని మెడ
ఆ పట్టికలో ఎక్కడా లేదు.
తమ్ముడి బోటు అప్పటికింకా ఒడ్డు చేరలేదని
నాకూ మర్నాడే తెలిసింది.

ఐసు పెట్టె మూత మీద
రెండు నట్లు, రెండు బోల్టులు, ఒక వాషరు పెట్టి
"మొదటెత్తు సూపించు" అన్నాడు.

గళ్లు లేని తడి మూత.
నట్టొకటి పట్టుకుని నిలబడ్డాను.